ఎమ్మెల్యే ఆఫీసు నుంచి జనానికి సమాచారం ఎట్ల అందియ్యాలె: క్యాంపు ఆఫీసుల పనిచేసేటోళ్ల కోసం

మీరు తెలంగాణల కొత్తగా ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుల చేరినా, "సోషల్ మీడియా నువ్వు చూస్కో" అని ఫోన్ మీ చేతిల పెట్టినా, ఫస్ట్ పోస్టులు చెయ్యడం మొదలుపెట్టకండి. ఒక వారం పొద్దుగాల గేటు కాడ కూసొని, వచ్చినోళ్లని ఏం పని మీద వచ్చిన్రో అడిగి నోట్‌బుక్‌ల రాసుకోండి. కల్యాణలక్ష్మి (పిల్ల పెండ్లికి సర్కారిచ్చే సాయం) చెక్కు వచ్చిందా, సీఎంఆర్ఎఫ్ (ముఖ్యమంత్రి సహాయ నిధి) ఫైలు ఎక్కడి దాకా పోయింది, పెన్షన్ ఎందుకు ఆగింది, కాల్వకి నీళ్లు ఎప్పుడు ఇడుస్తరు, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడు మారుస్తరు, ఇవే ఉంటయి. వారం అయినంక ఆ పేజీలు తిరగేస్తే మీకే తెలుస్తది, చానామంది వచ్చింది పని చేయించుకోడానికి కాదు, పని ఎంత దాకా వచ్చిందో అడిగి పోదామని. చందంపేట దిక్కు తండా నుంచి దేవరకొండకి వచ్చిపోవాలంటే ఆ రోజు కూలి పోయినట్టే, ఆటో కిరాయి అదనం, ఇంత చేసి వస్తే "ఇంకా రాలేదమ్మా, వచ్చే నెల రా" అని పంపిస్తే ఆమె మొఖం ఎట్లుంటదో ఒక్కసారి చూడండి. ఆ ఒక్క మాట ఫోన్‌ల చెప్పొచ్చు. నా లెక్కల ఎమ్మెల్యే ఆఫీసు సమాచారం పని అంటే ఇదే, జనం ఊకె ఊకె ఆఫీసు దాకా రాకుండ చెయ్యడం. అన్నదో అక్కదో ఫోటో నలుగురికి చూపిచ్చుడు దాని తర్వాత సంగతి.

నోట్‌బుక్ నిండినంక, ఏ పని ఎవరి చేతిల ఉంటదో ఒక పట్టీ రాసి గోడకి అంటించండి, ఫోన్‌ల కూడా పెట్టుకోండి. జనం అన్నీ ఎమ్మెల్యేనే చేస్తడు అనుకుంటరు, మన ఆఫీసోళ్లు కూడా అట్లనే మాట్లాడ్తరు, దాంతోని అసలు ఆఫీసర్ని అడిగేటోడే ఉండడు. కల్యాణలక్ష్మి, షాదీముబారక్ దరఖాస్తు మీసేవల పెడ్తరు, తహసీల్దార్ ఆఫీసు నుంచి ఎంక్వైరీ అయితది, తర్వాతనే మన దగ్గరికి వస్తది. పంట పెట్టుబడి, రైతుబీమా ముచ్చట అయితే ఏఈఓ, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి. భూమి రికార్డు అయితే తహసీల్దార్. 2025 ఏప్రిల్ 14 నుంచి భూమి రికార్డులకి ధరణి పోయి భూభారతి వచ్చింది, ఆ ఏడాది సెప్టెంబర్‌ల ఊర్లకి జీపీఓలు (గ్రామ పాలన అధికారులు) వచ్చిన్రు, ఇప్పటికీ వీఆర్వో ఏడి అని అడిగేటోళ్లు ఉన్నరు, వాళ్లకి మీ ఊరి జీపీఓ ఎవరో చెప్పినా చాలా పెద్ద సాయం. కరెంటుకి 1912. ఇంట్ల నల్లా రాకుంటే పంచాయతీ, ఊరి ట్యాంకు దాకనే నీళ్లు రాకుంటే మిషన్ భగీరథ ఇంజనీర్లు. రోడ్డు కూడా ఎవరిదో తెలుసుకోండి. నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట మీదికెళ్లి పోయే 65, జడ్చర్ల, భూత్పూర్ మీదికెళ్లి పోయే 44 నేషనల్ హైవేలు, అవి ఢిల్లీ కింద ఉంటయి. మండలాల మధ్యలవి ఆర్ అండ్ బీ అయ్యుంటయి, ఊరి లింకు రోడ్లు పంచాయతీరాజ్‌వి. గుంత పడ్డదని ఎవలన్న ఫోటో పెడితే "చూస్తం" అనకండి, ఇది ఫలానా డిపార్ట్‌మెంట్ రోడ్డు, ఫలానా డీఈకి (డిప్యూటీ ఇంజనీరుకి) ఇయ్యాల చెప్పినం అని రాయండి. నంబర్లు మార్తనే ఉంటయి, ఆఫీసర్లు ట్రాన్స్‌ఫర్ అయితనే ఉంటరు కాబట్టి నెలకొకసారి పట్టీ సరి చెయ్యాలె.

ఇగ మెసేజ్ రాసే కాడికి వద్దాం. ఇక్కడే చానా ఆఫీసులు తప్పు దారి పడ్తయి కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తున్న.

సాగర్ ఎడమ కాల్వకి నీళ్లు ఇడుస్తున్నరు అనుకుందాం. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు ఎప్పుడూ చూసే పోస్టు ఎట్లుంటది? "గౌరవ శాసనసభ్యుల ప్రత్యేక చొరవతో ఎడమ కాల్వకు నీటి విడుదల, హర్షం వ్యక్తం చేస్తున్న రైతాంగం". కింద పూలు చల్లే ఫోటో. చివరి ఆయకట్టు రైతు దీన్ని రెండు సార్లు చదివినా నారు ఎప్పుడు పోసుకోవాల్నో తెల్వదు. అదే ముచ్చట ఇట్ల రాసి చూడండి:

"ఫలానా మేజర్ కాల్వ కింద రైతులకి. మంగళవారం పొద్దున 6 గంటలకి గేటు ఎత్తుతరు. చివరి తూము దాకా రానీకి రెండు రోజులు పడ్తది. తొమ్మిది రోజులు నడిపి ఆరు రోజులు బంద్ పెడ్తరు. మంగళవారం లోపల పిల్లకాల్వల గడ్డి, పూడిక తీసుకోండి. గురువారం సాయంత్రానికి కూడా నీళ్లు రాకుంటే ఏఈకి ఫోన్ చెయ్యండి, నంబర్ కింద ఉంది. ఇది సోమవారం సాయంత్రం ఇరిగేషన్ డీఈని అడిగి రాసింది."

రోజులు, టైమ్ మీ కాడ ఎట్లుంటే అట్ల మార్చుకోండి, కానీ వరుస మాత్రం ఇదే ఉండాలె. ఎవరికి, ఏమైతది, ఎప్పుడు, వాళ్లు ఏం చెయ్యాలె, కాకపోతే ఎవరిని అడగాలె, ఈ మాట ఎవరు చెప్పిన్రు ఎప్పుడు చెప్పిన్రు. ఆ ఆఖరి లైన్ అస్సలు ఇడువకండి, ఎందుకంటే వాట్సాప్‌ల పోయినేడు మెసేజ్ ఈ ఏడు మళ్లీ తిరుగుతది, తారీఖు లేకపోతే జనం పాతదాన్ని నమ్మి దుక్కి దున్నుకుంటరు. జూరాల, కోయిల్‌సాగర్, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి లిఫ్టు, ఏఎమ్మార్పీ (మాధవరెడ్డి ప్రాజెక్టు), ఏ కాల్వ కింద ఉన్నోళ్లకైనా ఇదే పద్ధతి.

ఒక మెసేజ్‌ల ఒక్కటే ముచ్చట. పెన్షన్, కరెంటు కోత, బర్త్‌డే శుభాకాంక్షలు అన్నీ ఒక్క పోస్టర్ల కలిపితే ఒక్కటి కూడా చదవరు. రూపాయలు, తారీఖులు అంకెల్లనే రాయండి. "అర్హులైన లబ్ధిదారులు సంబంధిత అధికారులను సంప్రదించగలరు" లాంటి లైన్లు పూర్తిగా బంద్ పెట్టండి, అర్హులు ఎవరో, ఆఫీసర్ ఎవరో చెప్పనప్పుడు అది రాసీ లాభం లేదు. కల్యాణలక్ష్మి అయితే ఇట్ల చెప్పాలె: పెండ్లి నాటికి పిల్లకి 18 ఏండ్లు నిండాలె, ఇచ్చేది 1,00,116 రూపాయలు, చెక్కు తల్లి పేరు మీద వస్తది కాబట్టి తల్లి బ్యాంకు ఖాతా నడుస్తున్నదో లేదో ముందే చూసుకోండి. ఇందిరమ్మ ఇల్లు అయితే 5 లక్షలు నాలుగు విడతలల్ల వస్తయి, ఇల్లు 400 చదరపు అడుగులకి తక్కువ ఉండొద్దు, 600 దాటొద్దు, దాటితే బిల్లు ఆగుతది అని ముగ్గు పోసే ముందే చెప్పాలె, గోడలు లేసినంక చెప్పి ఏం ఫాయిదా.

చెక్కుల గురించి ఒకటి గట్టిగ చెప్తున్న. చెక్కు మీద రాసిన తారీఖు నుంచి 3 నెలలే చెల్లుతది. సీఎంఆర్ఎఫ్ చెక్కులైనా, కల్యాణలక్ష్మి చెక్కులైనా అన్నకి టైమ్ దొరికినంక ఫంక్షన్ పెట్టి పంచుదామని బీరువాల పెడితే, ఆ ఇంటోళ్లు దవాఖానల అప్పు చేసి మిత్తి కట్టుకుంట కూసుంటరు, తీరా చేతికొచ్చినంక బ్యాంకోళ్లు తారీఖు అయిపోయిందంటే మళ్లీ హైదరాబాద్ దాకా పోవాలె. అందుకే చెక్కులు వచ్చిన రోజే పేర్లు రిజిస్టర్ల ఎక్కించి, అదే రోజు ప్రతి ఒక్కరికి ఫోన్ కొట్టండి. "మీ చెక్కు వచ్చింది, దీని మీద తారీఖు ఇది, ఆధార్ కార్డు తీసుకొని రండి, ముసలోళ్లు రాలేకపోతే చెప్పండి మేమే ఊరికి పంపిస్తం." పంచే ప్రోగ్రాం పెట్టుకోవచ్చు, కాదనట్లేదు, కానీ వారం లోపల కుదిరితేనే.

సీఎంఆర్ఎఫ్ దరఖాస్తు 2024 జూలైల ఆన్‌లైన్ అయింది. మనం అప్‌లోడ్ చేసినంక వచ్చే నంబర్ ఆ ఇంటోళ్ల చేతికి కాగితం మీద రాసి ఇయ్యండి. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ కాగితం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ కావాలని దవాఖానల ఉన్నప్పుడే వాళ్లకి తెలవాలె, ఎందుకంటే డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చినంక బిల్లుల కోసం హైదరాబాద్ పోవుడు అయ్యే పని కాదు. ఆరోగ్యశ్రీ వర్తించే జబ్బు అయితే ముందే అది చెప్పండి, 2023 డిసెంబర్ 9 నుంచి అది 10 లక్షల దాకా ఉంది, జేబులకెళ్లి కట్టి తర్వాత సీఎంఆర్ఎఫ్ కోసం తిరిగే కన్నా అదే నయం.

కాలేదు అనే మాట కూడా సమాచారమే. దరఖాస్తు రిజెక్ట్ అయితే చెప్పడానికి మనకి మొహమాటం, ఓట్లు పోతయేమో అని భయం, అందుకే "ప్రాసెస్‌ల ఉంది" అని ఏండ్లకేండ్లు తిప్పుతరు. అట్ల చెయ్యకండి. ఎందుకు రిజెక్ట్ అయిందో కారణం కనుక్కొని, మళ్లీ పెట్టుకునే దారి ఉంటే ఆ దారి చెప్పి, లేకపోతే లేదని సక్కగ చెప్పండి. రెండు రోజులు బాధపడ్తరు, తర్వాత వాళ్ల ఏర్పాటు వాళ్లు చేసుకుంటరు. సగం కూలిన గోడకి ఇందిరమ్మ బిల్లు వస్తదేమో అని వానాకాలం అంతా ఎదురుచూసుడు తప్పుతది.

మెసేజ్ రాసుడు అయింది, చేరేసుడు ఎట్ల? వాట్సాప్ ఒక్కటే నమ్ముకోవద్దు. బ్రాడ్‌కాస్ట్ లిస్టుల 256 మందే పడ్తరు, అందులో కూడా మన నంబర్ సేవ్ చేసుకున్నోళ్లకే పోతది, అది చానామందికి తెల్వక "పంపినం కదా" అనుకుంటరు. గ్రూపు అయితే 1,024 మంది, ఒకరి నంబర్ ఒకరికి కనిపిస్తది, ఆడోళ్లు ఉన్న గ్రూపుల అది మంచిది కాదు, పైగా గుడ్ మార్నింగ్‌లు, పార్టీ లొల్లులతోని అసలు మెసేజ్ పైకెళ్లిపోతది. నన్ను అడిగితే అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేసే గ్రూపు మండలానికొకటి, నియోజకవర్గానికి ఒక వాట్సాప్ ఛానల్. ఛానల్ల నంబర్లు బయటపడవు.

కానీ అసలు పని ఊర్లనే అయితది. ఊరికి ఇద్దర్ని పట్టుకోండి, ఒకరు మహిళా సంఘాల లెక్కలు చూసే వీఓఏ, ఇంకొకరు పంచాయతీ పనులు చూసే కారోబార్. వీఓఏకి చెప్తే సంఘాల మీటింగ్‌ల ఆడోళ్లందరికీ చేరుతది, కారోబార్‌కి చెప్తే పంచాయతీ మైక్‌ల చెప్తడు, చెత్త ట్రాక్టర్ మీద కూడా స్పీకర్ ఉంటే ఇంకా మంచిది, మైక్ వినపడని గూడాలకి డప్పు చాటింపు ఇప్పటికీ పనిచేస్తది. మైక్ టైమ్ పొద్దుగాల ఆరు ఆరున్నరకి, లేకపోతే మాపటికి ఏడు దాటినంక, పగలు పది గంటలకి చాటింపు ఏస్తే నాట్ల కాలంల ఊర్ల ముసలోళ్లు తప్ప ఎవరూ ఉండరు. రైతుల ముచ్చట అయితే రైతువేదిక బోర్డు మీద రాపియ్యండి. రేషన్ షాపు గోడ, పాల కేంద్రం, బస్టాండ్ల టీకొట్టు, ఇయ్యన్నీ మంచి జాగలే.

చదువు రానోళ్లకి నిమిషం వాయిస్ మెసేజ్ కన్నా మంచిది లేదు. దేవరకొండ, అచ్చంపేట తండాలకి లంబాడీల, మహబూబ్‌నగర్ పట్నంల పాత బస్తీలకి ఉర్దూల, నారాయణపేట, మక్తల్, కృష్ణ మండలం దిక్కు కన్నడం ఇంట్ల మాట్లాడేటోళ్లకి కన్నడంల చెప్పియ్యండి. తండా పిల్ల ఎవరన్న డిగ్రీ చదువుతుంటే ఆమెతోనే చెప్పిస్తే ఇంటోళ్లు మనసుపెట్టి వింటరు. ఎమ్మెల్యే గొంతే ఉండాలని ఏం లేదు.

పాలమూరు వైపు ఉన్నోళ్లు ఇంకొకటి యాది పెట్టుకోవాలె. కోస్గి, మద్దూరు, మక్తల్ ఊర్లకెళ్లి ముంబై, పూణెలకి వలస పోయినోళ్లు కూడా మన ఓటర్లే, వాళ్ల పేర్లు మీదనే రేషన్ కార్డులు, భూములు, రైతుబీమా ఉన్నయి. రేషన్ ఈకేవైసీ అనో, పట్టా కాగితాలు తెచ్చుకోండి అనో చివరి తారీఖు ఉన్న పని ఏది వచ్చినా ఊర్ల మైక్‌ల చెప్తే వాళ్లకి చేరదు. మేస్త్రీల నంబర్లు తీసుకొని వాళ్లకి వాయిస్ పంపండి, ఒక మేస్త్రీ కింద ఉన్న కూలోళ్లందరికీ సాయంత్రానికి తెలుస్తది. ఏ పని ఊరికి రాకుండనే అయితది, దేనికి తప్పకుండ రావాలె అని విడిగా చెప్పండి, బస్ ఛార్జీ పెట్టుకొని వచ్చి ఊకె వాపస్ పోవద్దు కదా.

నీళ్ల ముచ్చట వేరేగా చెప్పాలె. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు దిక్కు ఫ్లోరైడ్ ఎంత మందిని వంకర చేసిందో తెలియనోళ్లు లేరు, మిషన్ భగీరథ పైలాన్ 2015ల చౌటుప్పల్లనే పెట్టిన్రు. కృష్ణా నీళ్లు వస్తున్నంత కాలం బాగనే ఉంటది, పైప్‌లైన్ పగిలి రెండు మూడు రోజులు ఆగితే మాత్రం జనం మళ్లీ పాత బోరింగు దిక్కు పోతరు. అందుకే నీళ్లు బంద్ అయితున్నయని తెలిసిన గంటలనే మెసేజ్ పోవాలె. ఎన్ని రోజులు రావు, ట్యాంకర్ ఎప్పుడు వస్తది, తాగనీకి వంటకి పాత బోరు నీళ్లు వాడొద్దు. ఇంకో మాట తప్పకుండ కలపండి, నీళ్లు కాచితే క్రిములు చస్తయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడ్తది. ఇది చదువుకున్నోళ్లకి కూడా తెల్వదు, కాచినం కదా అని పిల్లలకి తాపిస్తరు.

పంట అమ్ముకునే టైమ్ల, అంటే దీపావళి ముందర, మళ్లీ యాసంగి కోతలప్పుడు, మీ ఫోన్ ఆగదు. వడ్లకి తేమ 17 శాతం దాటొద్దు, పత్తికి 8 నుంచి 12 మధ్యల ఉండాలె, ఇది కోతల కన్నా పదిహేను రోజుల ముందు నుంచే చెప్పుకుంట రండి. 2025-26ల ఏ గ్రేడ్ వడ్లకి మద్దతు ధర క్వింటాల్‌కి 2,389 రూపాయలు, ఏటేటా మార్తది కాబట్టి కొత్తది రాగానే బోర్డుల మీద మార్పియ్యండి. 2025 సీజన్ల సీసీఐకి (మద్దతు ధరకి పత్తి కొనే కేంద్ర సంస్థకి) పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌ల స్లాట్ బుక్ చేసుకోవాల్సొచ్చింది, స్మార్ట్‌ఫోన్ లేని రైతు దీనికి ఏం చేస్తడు? ఏఈఓ దగ్గరనో, ఊరి పిల్లగాండ్లతోనో బుక్ చేయించే ఏర్పాటు ముందే అడిగి పెట్టుకొని, ఎక్కడికి పోవాల్నో చెప్పాలె. ఏ కేంద్రంల ఎన్ని లారీలు ఆగినయి, గన్నీ సంచులు ఉన్నయా లేవా అని రోజూ సాయంత్రం సెంటర్ ఇన్‌ఛార్జీలని అడిగి ఒక్క మెసేజ్ పెట్టండి. ట్రాక్టర్ కిరాయికి తెచ్చి రోడ్డు మీద రెండు రాత్రులు కాపలా పండుకునే కన్నా రైతు ఒక రోజు ఆగి వస్తడు.

అసెంబ్లీ జరిగేటప్పుడు అన్న మాట్లాడిన క్లిప్ పెడ్తరు, అందరూ పెడ్తరు. మంత్రి ఇచ్చిన జవాబు కూడా అదే పోస్టుల పెట్టండి. మనం రోడ్డు అడిగినం, మంత్రి పరిశీలిస్తం అన్నడు, అంటే ఇంకా పైసలు రాలేదు అని. అంచనా తయారైందా, పరిపాలనా అనుమతి వచ్చిందా, టెండర్ అయిందా, కాంట్రాక్టర్ అగ్రిమెంట్ చేసుకున్నడా, పని ఏ మెట్టు మీద ఉందో ప్రతి మూడు నెలలకి ఊరి వారీగా ఒక కాగితం వెయ్యండి. ఎస్ఎల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాల్వ), డిండి, పాలమూరు-రంగారెడ్డి లాంటి పెద్ద ప్రాజెక్టుల మీద మాత్రం తారీఖులు మీరే సొంతంగ చెప్పకండి, ఇరిగేషన్ శాఖ చెప్పిందే చెప్పండి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట కాడ ఎస్ఎల్బీసీ టన్నెల్ కూలినప్పుడు ఎన్ని పుకార్లు తిరిగినయో యాదికుండే ఉంటది. అట్లాంటి టైమ్ల కలెక్టర్ ఆఫీసు నుంచి, డీపీఆర్ఓ (జిల్లా పౌర సంబంధాల అధికారి) నుంచి వచ్చింది తప్ప ఏది ఫార్వర్డ్ చెయ్యొద్దు, తెలియకపోతే "కనుక్కుంటున్నం, సాయంత్రం ఆరుకి చెప్తం" అని రాసి, కొత్త సంగతి ఉన్నా లేకున్నా ఆరుకి మళ్లీ రాయాలె.

పుకార్ల లెక్కనే దొంగ లింకులు. పీఎం కిసాన్ పేరు మీద ఏపీకే ఫైళ్లు (ఫోన్ల యాప్ ఎక్కించే ఫైళ్లు) వస్తయి, నొక్కితే ఖాతా ఖాళీ అయితది. మన ఆఫీసు నుంచి ఎప్పుడూ ఏపీకే పంపం, ఓటీపీ అడగం అని ఛానల్ పైన పిన్ చేసి పెట్టండి, మోసపోతే గంట కూడా ఆగకుండ సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చెయ్యమని చెప్పండి.

జనం కాగితాలు మన చేతికి వస్తయి కదా, వాటి మీద జాగ్రత్త. లబ్ధిదారుల లిస్టు పెట్టేటప్పుడు ఆధార్, ఫోన్, ఖాతా నంబర్లు కొట్టేయండి. సీఎంఆర్ఎఫ్ ఎవరికి ఏ జబ్బుకి వచ్చిందో రాయొద్దు, పెండ్లి కావాల్సిన పిల్ల ఉన్న ఇంట్ల దానితోని ఎంత కష్టమో ఆలోచించండి. రైతుబీమా 5 లక్షలు వచ్చిన ఇంటికి పోయి ఆ మనిషి పోయిన దుఃఖంల ఉన్న భార్యతోని ఫోటో దిగి పోస్ట్ చేసుడు నాకు అస్సలు నచ్చదు, అడగకుండ అయితే అస్సలు చెయ్యొద్దు.

పార్టీ గ్రూపులు వేరే, ఆఫీసు గ్రూపులు వేరే ఉంచండి. పోయిన ఎలక్షన్ల మనకి ఓటెయ్యని గల్లీ కూడా మన నియోజకవర్గమే, వాళ్లకి కాల్వ నీళ్ల మెసేజ్ ఒక రోజు లేటు పోతే పంట వాళ్లదే ఎండుతది. 2025 డిసెంబర్ పంచాయతీ ఎలక్షన్ల గెలిచిన సర్పంచులందరి నంబర్లు, ఏ పార్టీ అయినా సరే, ఒకే లిస్టుల ఉండాలె. ఊర్ల రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టంలనే ఉంది, ఆ తారీఖులు సర్పంచుల దగ్గర తెలుసుకొని ముందే చాటింపు వేయించండి. సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణి ఉంటదని కూడా చెప్పండి, ఎమ్మెల్యేని దాటి అక్కడికి పోతే మనకేం చిన్నతనం కాదు.

ఎలక్షన్ కోడ్ వచ్చిన రోజు ఛానల్ల ప్రారంభోత్సవాలు, కొత్త హామీలు, చెక్కుల ఫోటోలు బంద్. అనుమానం ఉంటే పోస్ట్ చేసే ముందు రిటర్నింగ్ ఆఫీసర్ని రాతపూర్వకంగ అడగండి. కరెంటు కోత, నీళ్ల బంద్, వరద హెచ్చరిక లాంటియి ఎమ్మెల్యే పేరు ఫోటో లేకుండ, సంబంధిత డిపార్ట్‌మెంట్ మాటగానే పంపండి. రిజిస్టర్ మాత్రం ఆపొద్దు, కోడ్ టైమ్ల వచ్చిన ప్రతి ఫోన్ అందులో ఎక్కాలె, కోడ్ ఎత్తేసిన తెల్లారే వాళ్లందరికీ తిరిగి ఫోన్ చెయ్యాలె కాబట్టి. ఆ సిమ్ కూడా మీ సొంత పేరు మీద కాకుండ ఆఫీసు పేరు మీద తీసుకోండి, రేపు మీరు ఈ పని ఇడిచిపెట్టినా ఊర్లల్ల గోడల మీద రాసిన నంబర్ అదే ఉంటది, కొత్తగా వచ్చినోళ్లు ఎత్తుతరు.